డబ్బాకు పెట్టిన ఫ్యాను

భానుమూర్తి గారి ఆఫీసులో కంప్యూటరుకు వేగం ఎక్కించింది దశరథే. ఎక్కించమని ఎవరూ అడగలేదు. అడగని పని చేసి మెప్పు కొట్టేయాలనుకోవడం అతనికి చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. నల్లగొండ దగ్గర వాళ్ల ఊళ్లో బడిపంతులు దాన్ని చురుకుదనం అనేవాడు.

ఆఫీసంటే దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు ఎదురుగా, బట్టల దుకాణం పైన రెండు గదులు. ఎనభై ఎనిమిదో సంవత్సరం అది. అక్కణ్నుంచి ఎల్బీనగర్ దాకా ద్రాక్షతోటలు పీకేసి ప్లాట్లు కోస్తున్నారు. సున్నం గీతలు చెరగకముందే పునాదులు పడుతున్నాయి. గుంటూరు వైపునుంచి వచ్చిన ఇంజనీరు భానుమూర్తి అందరికంటే ముందు కంప్యూటరు కొని, 'ఇచ్చట కంప్యూటర్ ద్వారా ఇండ్ల డిజైన్ చేయబడును' అని బోర్డు పెట్టించారు. జనం విరగబడి వచ్చారు. చిక్కల్లా ఆ యంత్రంతోనే. ఒక ఇంటి దూలాల లెక్క చెయ్యమంటే, మనం అన్నం తిని కునుకు తీసి లేచేదాకా అది ఆలోచిస్తూ కూర్చునేది.

దశరథ అక్కడ డ్రాఫ్ట్స్‌మన్. ఇంటి బొమ్మలు గీయడం, కంప్యూటరుకు కొలతలు ఎక్కించడం అతని పని. యంత్రం లోపల క్రిస్టల్ అనే చిన్న రేకు బిళ్ల ఉంటుందనీ, అది ఎంత వేగంగా కొట్టుకుంటే లెక్క అంత వేగంగా అవుతుందనీ ఎక్కడో చదివాడు. కోఠీకి పోయి ఇంకాస్త వేగంగా కొట్టుకునే క్రిస్టల్ తెచ్చి, పాతది పీకి అతికించాడు. తొందరపడి ఒకేసారి ఎగిరే మనిషి కాదు. క్రిస్టల్ మార్చి వేగం కొంచెం పెంచేవాడు, జవాబు ముందే తెలిసిన ఒక ఇంటి లెక్క చేయించి చూసేవాడు, జవాబు తప్పకపోతే ఇంకొంచెం పెంచేవాడు. అలా పోగా పోగా గ్రాఫిక్స్ కార్డు వేడెక్కింది. తెర మీద కనిపించే అంకెల్నీ గీతల్నీ పట్టి ఉంచేది ఆ కార్డే. వేలు పెడితే చురుక్కుమంది, తెర మీద చుక్కలు రాలాయి. అతను ఒక మెట్టు వెనక్కి దిగి, డబ్బా మూత ఊడదీసి, టేబుల్ ఫ్యాను గాలి నేరుగా కార్డు మీద పడేలా పెట్టాడు. ఆ తరవాత రోజంతా నడిపినా జవాబు తప్పలేదు. ఫ్యాను లేనిదే లెక్క చెయ్యకూడదని తనకు తానే హద్దు పెట్టుకున్నాడు.

"ఏం మంత్రం వేశావోయ్? కాఫీ తాగేలోగా ఇచ్చేస్తోందే!" అని భానుమూర్తి వీపు తట్టారు. ఆఫీసుకు ఉన్నది ఆ ఒక్క టేబుల్ ఫ్యానే. పైనున్న సీలింగ్ ఫ్యాను తిరుగుతున్నట్టు నటించేది. మనుషులంతా చెమటలు కక్కుతూ డబ్బాకు గాలి కొడుతున్నారని కింద బట్టల దుకాణం వాళ్లు నవ్వుకునేవారు.

మే నెలలో ఒక మిట్టమధ్యాహ్నం అంజయ్య పటేలు, ఆయన భార్య శివమ్మ మెట్లెక్కి వచ్చారు. ఎల్బీనగర్ అవతల వాళ్ల పాత పెంకుటింట్లో ముందుగది దశరథ కిరాయికి తీసుకున్నాడు. కిరాయి మాట పేరుకే. శివమ్మ పొద్దున జొన్నరొట్టె, రాత్రి పచ్చిపులుసు పంపేది. జ్వరమొస్తే దవాఖానకు తనే తీసుకుపోయేది. కన్నతల్లి చనిపోయాక దశరథను 'తిన్నవా' అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే. అల్మాస్‌గూడ దిక్కున్న చేను ప్లాట్లకు అమ్మి అంజయ్య డాబా మొదలుపెట్టాడు. తన ఇల్లు కంప్యూటరులో ఎట్లా పుడుతుందో కళ్లారా చూడాలని ఎండలో బస్సుకు పడి వచ్చాడు.

"ఏంది దశరథా, గీ డబ్బానా నా ఇంటి లెక్క చేసేది?"

"గిదే పెద్దయ్యా. ఇప్పుడు మీ బాల్కనీదే నడుస్తుంది."

"డబ్బాకు గాలి, మనుషులకు ఉక్కపోత. మంచిగనే ఉన్నది మీ ఆఫీసు" అంది శివమ్మ, కొంగుతో మొగుడికి విసురుతూ. అంజయ్య ముఖం కందిపోయింది. చొక్కా ఒంటికి అతుక్కుపోయి, రొప్పుతున్నాడు.

దశరథ ఫ్యాను ఆయన వైపు తిప్పాడు.

తిప్పక ఏం చేస్తాడు? అన్నం పెట్టిన పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి ఆయాసపడుతుంటే, ఇది డబ్బాకు మాత్రమే అని చెప్పే మొహం మనలో ఎవరికుంది? సోడాలు తెప్పించి తాగించాడు. ఈలోగా తెర మీద అంకెలు ఒకసారి వణికాయి. అతను చూశాడు. చూసి, సోడా సీసాలు ఖాళీ కాగానే ఫ్యానును మళ్లీ డబ్బా వైపు తిప్పాడు. అంకెలు బుద్ధిగా నిలబడ్డాయి. తెర మీద ఏది నిలిస్తే దాన్నే ప్రింటరు టకటకా కొట్టి ఇచ్చింది. అంజయ్య ఆ కాగితాన్ని ప్రసాదంలా కళ్లకద్దుకున్నాడు. భానుమూర్తి కింద సంతకం పెట్టారు.

ఇల్లు లేచింది. బాల్కనీకి కడ్డీలు కట్టేటప్పుడు మేస్త్రీ మల్లేశం, "ఎప్పటిలెక్క అందాజాగ రెండు ఎక్కువేస్త పటేలా" అన్నాడు. "కంప్యూటర్ చెప్పినంక నీ అందాజేంది? గా కాగితంల ఎంతుంటే గంతే" అన్నాడు అంజయ్య. ఆయనకు పిసినారితనం కాదు, గర్వం. బస్తీలో కంప్యూటరు కట్టిన ఇల్లు తనదొక్కటే.

శ్రావణంలో గృహప్రవేశానికి ముహూర్తం పెట్టుకున్నారు. ఒక సాయంత్రం దశరథ కొత్తింటి కింద నిలబడి పైకి చూశాడు. ఇంటి నైరుతి మూలన బాల్కనీ ముందుకు చాచుకుని ఉంది. దాని కింద స్తంభం లేదు. ఏ లావు కడ్డీ వేశావని మల్లేశాన్ని మాటవరసకు అడిగాడు. పన్నెండు మిల్లీమీటర్లది అన్నాడు. అంత పొడుగు బాల్కనీలకు ఎప్పుడూ పదహారే వచ్చేది. దశరథకు ఆ వేసవి మధ్యాహ్నం, వణికిన అంకెలు గుర్తొచ్చాయి.

మర్నాడు ఫ్యాను పెట్టి అదే లెక్క చేయించాడు. పదహారు వచ్చింది. అప్పుడు ఫ్యానును గోడ వైపు తిప్పి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కాసేపటికి అంకెలు వణికాయి. ఫ్యాను మళ్లీ పెట్టాడు. తెర కుదుటపడింది, కానీ ఆరు ఉన్నచోట రెండు నిలిచింది. పదహారు కాస్తా పన్నెండు. ఏ తొంభయ్యో వచ్చి ఉంటే ఎవరైనా నవ్వి కాగితం చించేసేవారు. పన్నెండు కడ్డీ బజార్లో దొరికేదే కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

భానుమూర్తి విని తలుపు వేశారు. "నోరు మెదపకు. ఈ సంగతి బయటికెళితే బోర్డు పీక్కుని గుంటూరు పోవాలి నేను. అయినా లెక్కలో కొంత వెసులుబాటు ఉంటుందిగా, నిలబడుతుందిలే. అంతగా భయమైతే కింద రెండు పిల్లర్లు లేపుకోమని చెప్పు. ఎందుకని మాత్రం చెప్పకు."

ఆ సాయంత్రం దశరథ నిజం చెప్పేయాలనే ఇంటికి పోయాడు. దారంతా మాటలు కూర్చుకున్నాడు. శివమ్మ చెయ్యి కడుక్కొమ్మని చెంబు అందించింది. ఎదురుగా అంజయ్య కొత్తింటికి ఎవరెవర్ని పిలవాలో వేళ్ల మీద లెక్కపెడుతున్నాడు. మీకు గాలి తిప్పినందుకు మీ ఇల్లు చెడిందని ఆ ముఖాలతో ఎట్లా అనాలి? పిరికితనానికి వెంటనే ఒక మంచి సాకు దొరికింది.

"పెద్దయ్యా, బాల్కనీ ఉన్న నైరుతి మూల వాస్తుకు మంచిగ లేదంటున్నరు. కింద రెండు పిల్లర్లు లేపితె దోషం పోతదట."

"అట్లనా? మంచిమాట చెప్పినవ్ బిడ్డా" అన్నాడు అంజయ్య, పరేషాన్ అయి.

అబద్ధమైనా పని అవుతుంది కదా అనుకున్నాడు దశరథ. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు కూడా. మర్నాడు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర కొత్త వెంచర్ కొలతలకు భానుమూర్తి పంపితే పోయి, అక్కడే కొన్నాళ్లు ఉండిపోయాడు.

తిరిగొచ్చి బస్సు దిగేసరికి మధ్యాహ్నం. చాయ్ హోటల్ ముందు మల్లేశం కనిపించాడు. "పిల్లర్లు లేపినవా?" అని అడిగాడు దశరథ.

"ఏడ లేపుతం? పటేలు సాంబమూర్తి సిద్ధాంతిని పిలిపిచ్చిండు. ఇంటి బయట పిల్లర్ లేపితె నైరుతి ఇంకింత పెరుగుతదట. నైరుతి మూలకు బరువుండాలె, అదే పరిహారం అన్నడు. పాతింటి రోలు, నీళ్లగాబు అన్నీ బాల్కనీ మీదికెక్కిచ్చినం. సిమెంట్ తొట్టి గూడ కట్టినం. పొద్దుగాల్నుంచి దాంట్ల నీళ్లు నింపుతున్నరు."

దశరథ పరుగెత్తాడు.

దూరంనుంచే కనిపించింది. బాల్కనీ మీద రాతి రోలు, దాని పక్కన తొట్టి, తొట్టిలోకి పైపు. కింద నీడలో చాప వేసుకుని శివమ్మ గృహప్రవేశం వంటకు బియ్యం ఏరుతోంది. చాటలో బియ్యం కుప్పగా ఉన్నాయి.

"పెద్దమ్మా, లే. ఇవుతలికి రా" అన్నాడు రొప్పుతూ.

ఆమె తలెత్తి నవ్వింది. "ఒచ్చినవా బిడ్డా? తిన్నవా?"

"ముందుగాల లే పెద్దమ్మా."

"ఎందుకురా?"

ఎందుకో చెప్పాలంటే ఉన్నది ఒకటే మాట. ఇన్నాళ్లూ దాచిందే ఆ మాట. నోట్లో నాలుక కదిలేలోగా ఆమె, "ఒస్తున్న ఆగు, బియ్యం ఒలుకుతయ్" అని చాటను రెండు చేతులా జాగ్రత్తగా ఎత్తబోయింది. పైన చప్పుడు పెద్దగా రాలేదు. గోడ దగ్గర కాంక్రీటు చిట్లింది, రోలు ముందు జారింది, తరవాత అంతా వచ్చింది. తొట్టి నీళ్లు బియ్యాన్ని దశరథ కాళ్ల దాకా తోసుకొచ్చాయి.

పాతింటి ముందుగదిలో, దశరథ కిరాయికుండే గదిలోనే, ఆమెను పడుకోబెట్టారు. బంధువులు కిక్కిరిసిపోయారు. మూలన కొత్తింటి కోసం కొన్న టేబుల్ ఫ్యాను అంజయ్య వైపు తిరుగుతోంది. దశరథ ఆయన కాళ్ల దగ్గర కూలబడ్డాడు. చెప్పేద్దామనే వచ్చాడు. ఈసారి నిజంగానే.

"పెద్దయ్యా..."

అంజయ్య అతని తల మీద చెయ్యి వేశాడు. "నువ్వు ముందుగాలనే చెప్పినవ్ బిడ్డా, గా మూల మంచిగ లేదని. నేనే ఆలస్యం జేసిన. బరువు జర ముందే పెట్టుంటె నా శివమ్మ దక్కుతుండె."

దశరథకు ఒళ్లంతా చెమట పట్టింది. అంజయ్య కళ్లు తుడుచుకుని అతని ముఖంలోకి చూశాడు.

"పిలగాడు చెమటలు కక్కుతుండు. గా ఫ్యాన్ వీని దిక్కు తిప్పుండ్రి" అన్నాడు.

ఎవరో తిప్పారు. చల్లగాలి దశరథ ముఖానికి కొట్టింది. దాన్ని వెనక్కి తిప్పమని కూడా అతను అనలేకపోయాడు.