బొటనవేలంత జాగ

వేములవాడ కంచరి లక్ష్మీరాజం వారానికి మూడు రాగి బిందెలు చేసేవాడు. చింతపండు, ఇసుక పెట్టి లోపల ఎర్రగా మెరిసేదాకా తోమి, వేలు తగలనీయకుండా తెచ్చి కొన్నవాళ్ల ఇంట్లో దించేవాడు. మిగతా పని ఆ ఇంటి మాటలది.

ఒక పూట గడిచేసరికి ఇంట్లోవాళ్ల మాటలు బిందెలోకి దిగి, పాదం రాగికి ఆనించి, తల పైకెత్తి, శివరాత్రినాడు రాజన్న దర్శనానికి నిలబడ్డ జనంలా ఒరుసుకుని నిలిచేవి. ఒక్క పొరే. జాగ నిండాక ఇంకో మాట ఎక్కేది కాదు. ఇక ఆ బిందెలో నీళ్లు ముత్యాల్లా దొర్లేవి, పులుపు పోసినా చిలుము పట్టేది కాదు. తిట్టు మాత్రం నిలవదు. అది పడ్డచోట ఖాళీ మిగులుతుంది.

ఒక ఏడు అదే ఊళ్లో కిష్టవ్వ ఇంట్లో బిందె దించినప్పుడు, ఆమె కొత్త కోడలు బాలలక్ష్మి అతని చేతిలో నూనెలో వేయించిన సకినాలు పెట్టింది.

"తిను మామా. పొద్దటిసంది ఏం తిన్నట్టు లేవు."

తిన్నాడు. లేస్తూ, ఏమరుపాటున బిందె లోపల బొటనవేలితో తట్టాడు. నూనె మరక మెరిసింది. జిడ్డు మీద మాట నిలవదని తెలిసీ, ఇంత జాగకు ఏమైతదిలే అనుకుని వెళ్లిపోయాడు.

వారం తిరగకముందే, ఆ బిందెలో పోసిన పుల్లమజ్జిగ తాగి కిష్టవ్వ రెండు రోజులు కక్కింది. లోపల చూస్తే బొటనవేలంత చిలుము.

"కొత్త బిందె ముంగట నన్ను తిట్టినవు," అంది కోడలితో.

"నేనేమనలే అత్తా."

"మనసుల తిట్టుకున్నవేమో. మనసుకు నోరు లేదా?"

సోమవారం పెద్దమనుషుల్లో తేల్చి తల్లిగారింటికి తోలేస్తానంది.

లక్ష్మీరాజం భార్య శంకరవ్వ అన్నం పెడుతూ, "గా పిల్ల అసొంటిది కాదు," అంది. అతను లోపల లెక్క వేసుకున్నాడు. పదహారేళ్లు, రెండువేల నాలుగువందల బిందెలు, ఒక్కదానికీ చిలుము లేదు. ఆ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా చివరికి నూనె మరకే కనబడి, కంచం పక్కకు జరిపాడు.

సోమవారం పంచాయితీకి, బిందె చేసినవాడు గనక, అతన్నీ పిలిచారు. చిలుము అతనితోనే తోమించారు. చెంబెడు నీళ్లు పోస్తే అంతటా దొర్లాయి, ఆ జాగలో మాత్రం తడి అంటుకుంది.

పెద్దమనిషి భూమన్న అన్నాడు, "జాగ ఖాళీ చేసినోళ్ల మాటతోనే నిండుతది. ఒప్పుకో బిడ్డా, పంచాతి ఒడుస్తది."

బాలలక్ష్మి పక్కన బట్టల మూట ఉంది. అలసిపోయిన మొహంతో బిందె మీదికి వంగింది.

"తిట్టిన."

ఆ మాట లోపలికి దిగి, కాలు ఆనక, జారి బయట పడింది. అందరూ చూశారు.

లక్ష్మీరాజం బిందె దగ్గరికి జరిగాడు. "సకినం తిన్న చేత్తోని ముట్టిన," అన్నాడు లోపలికి. "మరక చూసిన. చూసి పోయిన."

మళ్లీ నీళ్లు పోశారు. చుక్క నిలవకుండా దొర్లిపోయాయి. కిష్టవ్వ ఎవరి మొహమూ చూడకుండా, కోడలి మూట తీసుకుని ఇంట్లోకి నడిచింది.

ఏడాదికి ఆ ఇంటికే ఇంకో బిందె పట్టుకొచ్చాడు. బాలలక్ష్మి సకినాలు తెచ్చింది, ఇంకో చేతిలో చెంబు.

"తిను మామా," అంది. "చెయ్యి నేను కడుగుత."

అతను తిన్నాడు. నమలడానికి చాలాసేపు పట్టింది.