అత్త సుత్తి ఆగిన పూట

లూపే మల్బరీ బెరడును ఒళ్లో పరుచుకుని ఆల్చిప్ప అంచుతో పైపొట్టు గీకుతోంది. ఎదురుగా ముగ్గురు ఆడవాళ్లు, మొన్న గీకి ఆరబెట్టి నానబెట్టిన పట్టీలను దుంగ మీద వేసి, చెక్క సుత్తులతో కొట్టి వెడల్పు చేస్తున్నారు. వచ్చే నెల పాస్టరు గారి కూతురి పెళ్లికి అలా తయారైన నారగుడ్డ పరవాలి.

తల ఎత్తకుండానే ఏ దెబ్బ ఎవరిదో లూపే చెప్పగలదు. నడుమ పడే బరువైన దెబ్బ లెసియేలి అత్తది. నాన్నకు అక్క. అత్త కూర్చోమంటే కూర్చోవాలి, పొమ్మంటే పోవాలి. ఆ దీవిలో అన్నదమ్ముల పిల్లలెవరూ మేనత్తకు ఎదురు చెప్పరు. ఇరవై మూడేళ్లుగా లూపే కూడా చెప్పలేదు.

ఆ ఉదయం నడుమ దెబ్బ ఆలస్యంగా పడుతోంది.

లూపే ఓరగా చూసింది. చలిగాలికి మిగిలిన ఇద్దరూ దుప్పట్లు కప్పుకున్నారు. అత్త మెడ మీద మాత్రం చెమట. మధ్యమధ్య దవడ నొక్కుకుంటోంది.

"పన్ను నొప్పా అత్తా?"

"మీ అత్తకి పళ్లెక్కడివే?" పక్కనున్న ఎమెలీనె నవ్వింది. "దవడ అరిగింది, మాటలెక్కువై."

"నీ అంత అరగలేదులే," అంది అత్త. ఆ మాటకే ఆయాసపడింది. "వీపు పట్టేసింది. రాత్రి చేప పడలేదేమో, కడుపులో తిప్పుతోంది. కొబ్బరినూనె రాసుకుంటే పోతుంది."

ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఆ ఊళ్లో సుత్తి పట్టిన ఆడదానికి వీపు నొప్పి లేకపోతేనే వింత. కానీ మొన్న ఆదివారం చర్చికి నడుస్తూ అత్త సగం దారిలో గోడ మీద కూర్చోవడం లూపే చూసింది. నాయనమ్మ ఇదే దుంగ దగ్గర వీపు నొప్పి అంటూ ఒరిగిపోయిందనీ విన్నది.

కిందటి నెల చర్చి మహిళల సమావేశంలో నర్సు వికా చెప్పిన మాటలు గుర్తొచ్చాయి. "గుండెపోటంటే గుండె పట్టుకుని పడిపోవడమే అనుకోకండమ్మా. ఆడవాళ్లకి ఛాతీలో నొప్పి లేకుండానే రావచ్చు. దవడ, వీపు, చెయ్యి లాగుతాయి. వికారం, చెమట, ఆయాసం, ఎప్పుడూ లేని నీరసం. షుగరు, బీపీ ఉన్నవాళ్లు, నెలసరి ఆగినవాళ్లు, ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బు వచ్చినవాళ్లు మరీ జాగ్రత్త." అప్పుడు అత్త లూపేను గిల్లి, "టీ ఎప్పుడిస్తారో కనుక్కో," అంది. అత్తకు పదేళ్లుగా షుగరు.

"ఆసుపత్రికి వెళ్దాం అత్తా."

"నోరు మూసుకుని గీకు."

లూపే తల వంచింది. రెండుసార్లు గీకింది. నడుమ దెబ్బ పడలేదు. మూడోసారి ఆల్చిప్ప ఆనించబోయి, పక్కన పెట్టి లేచింది. అత్త చేతిలోంచి సుత్తి తీసేసుకుంది.

"లూపే! ఏం పనే అది?" ఎమెలీనె గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఇవ్వాళ నీ మాట విననత్తా." లూపే ఫోను తీసింది.

"మీ నాన్న రానీ, చెప్తాను."

"చెప్పుకో. నాన్నని ఆసుపత్రికే రమ్మంటాను."

ఫోనులో వికా ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. "నడిపించకండి, కూర్చోబెట్టండి. బండి పంపిస్తున్నా," అంది. బండి వచ్చేదాకా ఎమెలీనె అత్త వీపుకు తన వీపు ఆనించి కూర్చుంది. ఒక్క జోకూ వెయ్యలేదు.

గుండెకు రక్తం తీసుకెళ్లే నాళం పూడుకుపోతోందన్నాడు డాక్టరు. ఇంకాస్త ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదన్నాడు. లూపే బయట మెట్ల మీద కూర్చుని, ఆ రోజు సమావేశంలో తాను నిద్రపోనందుకు దేవుడికి దండం పెట్టుకుంది.

అత్త ఇంటికొచ్చాక వికాకు పెండలం బుట్ట, పెళ్లికని దాచుకున్న గుడ్డలోంచి ఒక తాను పంపింది. వికా మళ్లీ చర్చి సమావేశంలో మాట్లాడటానికి వచ్చినప్పుడు ఎమెలీనె ముందు వరుసలో కూర్చుంది. టీ ఊసు ఎవరూ ఎత్తలేదు.

లూపేతో మాత్రం అత్త ఒక్క మాటా అనలేదు. లూపే ఎదురుపడటానికే జంకింది. అత్త బతికి ఉంది, అది చాలనుకుంది. కోపం తగ్గకపోతే మానె.

ఆరు వారాల తర్వాత ఒక ఉదయం లూపే ఇంట్లో బెరడు గీకుతుంటే గడపలో నీడ పడింది. అత్త. లూపే గబుక్కున చాప సర్ది, తలదించుకుని కూర్చుంది. ఏ తిట్టు వచ్చినా వినడానికి సిద్ధమైంది.

అత్త మెల్లగా వచ్చి చాప మీద కూర్చుంది. కప్పుకున్న గుడ్డ చాటునుంచి తన సుత్తి తీసింది. నాయనమ్మ దగ్గర్నుంచి వచ్చిన సుత్తి అది, చేతి చెమటకు పిడి నల్లబడింది. ఎవరినీ ముట్టుకోనిచ్చేది కాదు. దాన్ని లూపే ఒళ్లో బెరడు మీద పెట్టింది. లూపే వేళ్లు పట్టుకుని పిడి చుట్టూ మూసింది. ఆ చేతిని తన రెండు చేతులతో చాలాసేపు పట్టుకుంది.

ఆ ఇంట్లోంచి ఎప్పుడు కదిలినా ఏదో ఒక పని పురమాయించే కదిలేది అత్త. పందికి మేత వెయ్యి, చాపలు ఎండలో వెయ్యి. లూపే తల ఎత్తి ఎదురుచూసింది.

అత్త లేచి, ఏ పనీ చెప్పకుండా గడప దాటి వెళ్లిపోయింది.