గోడ ఒప్పుకున్న కనెక్షన్

బస్సు డ్యూటీ లేని రోజున నాన్న చేసే మొదటి పని సుత్తి వెతుక్కోవడం. ఏదో ఒకటి బిగించకపోతే ఆయనకి సెలవు సెలవులా ఉండదు. ఈసారి పెద్ద పనే పెట్టుకున్నాడు. ఇంటికి నెట్టూ టీవీ కలిపి కనెక్షన్ పెట్టించాలి. తీగ లాగాలంటే ముందు వీధివైపు గోడకి మేకు దిగాలి.

ఆ గోడ సంగతి వీధంతా ఎరిగినదే. అబద్ధమాడి కొట్టిన మేకుని ఉంచుకోదు, ఉమ్మేస్తుంది. పెళ్లిచూపుల్లో నాన్న తన వయసు తగ్గించి చెప్పాడు. నిజం ఒప్పుకునేదాకా మేకు నిలవక పెళ్లి ఫోటో మంచం కిందే ఉండిపోయింది. అందుకే ఏ కంపెనీ మంచిదని ఈ ఇంట్లో ఎవర్నీ అడగరు. వచ్చినవాళ్లని మాట చెప్పి మేకు కొట్టమంటారు, అంతే.

మొదట టై కట్టుకున్నవాడు వచ్చాడు. “మా నెట్ ఆగడమంటూ ఉండదు సార్!”

మేకు టంగున ఎగిరి అమ్మ టీ గ్లాసులో పడింది.

“వెళ్లిరా నాయనా,” అంది అమ్మ.

తర్వాత వచ్చిన స్కూటరాయన ఆచితూచి మాట్లాడాడు. “అప్పుడప్పుడు ఆగుతుందండీ, అబద్ధమెందుకు?” ఆ మేకూ జారిపోయింది.

“చూశావా, పెద్దమనిషిలా ఉన్నాడనుకున్నా,” అన్నాడు నాన్న.

గుమ్మంలో నిలబడ్డ వాళ్లమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. రేపు సాయంత్రంలోగా లైను రాకపోతే తన పని గోవిందా. డిగ్రీ మధ్యలో వదిలేసిన పిల్ల. మేడమెట్ల మీద కూర్చుని, ఎదురింటివాళ్ల వైఫై అడిగి వాడుకుంటూ లెక్కలన్నీ తనంతట తనే నేర్చుకుంది. ఇంట్లోంచే పిల్లలకి పాఠాలు చెప్పే ఉద్యోగం ఒకటుంది. రేపు ఒక్క పాఠం చెప్పి మెప్పించాలి. ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు. చెప్పి ఓడిపోతే ఆ మొహం ఎక్కడ పెట్టుకోవాలి? “నీకెందుకే నెట్టు?” అని నాన్న అడిగితే, “ఊరికే, సినిమాలకి,” అనేసింది.

మూడోసారి, నిచ్చెన భుజానేసుకుని లైను వేసే ఆవిడే వచ్చింది.

“గాలివానకి పోతుందన్నా. ఫోన్ చేస్తే నేనే వచ్చి బాగుచేస్తా. తిడితే మాత్రం రాను.” కొట్టింది. మేకు కిందపడింది. ఆవిడ వంగి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. “నా మాటలో తేడా లేదు. మీ ఇంట్లోనే ఎవరో ఏదో దాస్తున్నారు.”

నాన్న అమ్మవైపు తిరిగాడు.

“నన్ను చూస్తారేం? నాకు సీరియల్ కావాలని వీధంతా చాటానుగా!”

“నాకూ మ్యాచ్‌లే...” అంటూ నాన్న కూతురి వైపు చూశాడు.

పాపం, ఆ స్కూటరాయన ఉత్తి పుణ్యానికి మాట పడి వెళ్లాడు. అమ్మాయికి చెవులు వేడెక్కాయి. “సినిమాలకి కాదు నాన్నా,” అంటూ మొదలుపెట్టి, ఊపిరి తీసుకోకుండా అంతా చెప్పేసింది.

“లెక్కలా? నువ్వా?” అమ్మ నోరు తెరిచింది. “నీకెవరు చెప్పారే?”

“ఎవరూ చెప్పలేదు. నేనే.”

నాన్న లైనావిడ వైపు తిరిగి, “టీవీ కూడా పెడితే దీని పాఠానికి అడ్డమా?” అన్నాడు.

“సాయంత్రాలు కాస్త నెమ్మదిస్తుందన్నా.”

“అయితే ఒట్టి నెట్టే.”

“మరి నా సీరియల్?” అని, అమ్మే మళ్లీ సర్దుకుంది. “పోన్లెండి, అందులో అత్తగారు ఎలాగూ చచ్చేలా లేదు.”

నాన్న సుత్తి అందుకున్నాడు. ఛాతీ విరుచుకుని, వీధి చివరి దాకా వినబడేలా అన్నాడు: “మా అమ్మాయి లెక్కల టీచరు!”

“నాన్నా, ఇంకా కాలేదు! పాఠం రేపు కదా...”

ఒక్కటే దెబ్బ. మేకు గోడలోకి దిగి బిగుసుకుపోయింది. లైనావిడ దాన్ని పట్టుకుని లాగింది, ఊగింది, బలమంతా పెట్టింది. ఊహూఁ, కదల్లేదు.

లైనావిడ తీగచుట్ట విప్పి, నిచ్చెన గోడకి ఆనించి, మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

“టీచరుగారూ,” అంది, “ఈ నిచ్చెన కాస్త పట్టుకోండి.”