తెల్ల పోగు

రాఘవేందర్‌కు నోరు మంచిది. ఆ నోటితోనే మేనమామ హనుమాండ్లును ఊరు విడిపించి బోరబండకు తీసుకొచ్చాడు. ఆ నోటితోనే పంజాగుట్టలో రత్నమాల గారి ఉన్ని దుకాణంలో సరుకు చూసే పనికి కుదిరాడు. తెరవాల్సిన రోజున మాత్రం ఆ నోరు పెగల్లేదు. అదేం ఖర్మో, మనుషులకు మాటలన్నీ అక్కర్లేని చోటే వస్తాయి.

రంగు వేయని, రసాయనం తగలని ఉన్ని మాత్రమే అమ్ముతామని రత్నమాల గారు అట్టముక్క మీద అచ్చు వేయించి ప్రతి గొంగడికీ కట్టేది. ఉత్త ప్రచారానికి కాదు. ఉన్ని కడిగిన నీళ్లు ఏ మొక్కలకు పోశారని కూడా అడిగే మనిషి. నల్ల గొర్రె ఇచ్చిన నలుపే నలుపు, పోగుకు పట్టించేది చింతగింజల గంజే. ఆ గింజల్ని ఎర్రగడ్డ రైతుబజారులో చింతపండు అమ్మే ఆడవాళ్ల దగ్గర సంచిలోకి ఎత్తుకుని రాఘవేందరే బస్సులో మోసేవాడు. పక్కవాళ్లు మొహం చిట్లిస్తే "మా మగ్గానికి బువ్వ అన్నా, జర జరుగు" అనేవాడు.

బోరబండలో రేకుల షెడ్డు. మగ్గం కోసం నేలలో గుంట తవ్వింది కూడా అతనే. రెండు రోజులు, అరచేతులు బొబ్బలెక్కేదాకా తవ్వాడు. హనుమాండ్లు అందులోకి కాళ్లు దించుకుని కూర్చుని, నేత పోగుల్ని దగ్గరకు కొట్టే పలకను ఒకసారి లాగి చూసుకుని, "గిప్పుడు పట్నం నాదైంది బిడ్డా" అన్నాడు.

ముసలాయన కళ్లకు పొర కమ్మి రెండేళ్లు. అయినా పనికి ఫికర్ లేదు, చూసేవి వేళ్లే. భార్య రాజమ్మ వడికేది, ఆయన నేసేవాడు. ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. గొంగడి పూర్తయ్యేటప్పుడు చివరి అంచులో ఒకే ఒక్క తెల్ల పోగు వేస్తారు. ఈ ఉన్ని ఏ గొర్రె వీపు మీదిదో నా చేతులకు తెలుసు, దీనికి పూచీ నాది అని దాని అర్థం. చదువు రానివాళ్ల సంతకం అనుకోండి. రత్నమాల గారికి అది ఎంత నచ్చిందంటే, అట్టముక్క మీద దాని ఫొటో కూడా వేయించింది.

అలా ఉండగా కొండమీది హోటల్ ఒకటి పన్నెండు గొంగళ్లు అడిగింది. "అన్నీ ఒకే నలుపు వస్తాయా రాఘవేందర్ గారూ?" అంది రత్నమాల.

"ఎందుకు రావు మేడం, గ్యారంటీ" అనేశాడు.

గొర్రెపిల్లను మొదటిసారి కత్తిరించినప్పుడే అంత నలుపు దొరుకుతుంది. ఆ తర్వాత ఎండకు ఎర్రబారుతుంది. పైగా ఊళ్లలో నల్ల గొర్రెలే తగ్గాయి. అందరూ మాంసం గొర్రెల్ని పెంచుకుంటున్నారు, వాటికి ఉన్నే ఉండదు. ఐదు మందలు తిరిగితే పిల్ల ఉన్ని మూడు గొంగళ్లకు వచ్చింది. తక్కినదంతా ఎర్రబారిన ముదురు ఉన్ని. కులవృత్తి తెలిసినవాడికి ఇది తెలియనిది కాదు. మేడంకు ఒక్క ఫోన్ కొడితే సరిపోయేది. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించింది.

అమీర్‌పేటలో మ్యాచింగ్ సెంటర్ల వెనక సందులో చీరలకు రంగులు వేసే చోటు ఉంది. ఆ ముదురు ఉన్ని మూటల్ని అక్కడికి పట్టుకెళ్లాడు. సలసల కాగే డ్రమ్ములో ముంచి తీశారు. నల్లటి నీళ్లు మోరీలోకి పోతుంటే, మైత్రీవనం క్లాసులకు పోయే పిల్లలు దాటుకుంటూ పోయారు. రాఘవేందర్ ఫోన్ చూసుకుంటూ నిలబడ్డాడు.

"అంత పిల్ల ఉన్నే మామా" అని బోరబండలో మూటలు దించాడు.

హనుమాండ్లు ఒక్కో మూటలోంచి గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపాడు. చాలాసేపు నలిపాడు. "అంత నువ్వే తెచ్చినవా?" అన్నాడు.

"నేనే."

"సరే తియ్" అన్నాడు.

ఐదు నెలలకు పన్నెండు గొంగళ్లు దుకాణం చేరాయి. అట్టముక్కలు కడుతూ రత్నమాల గారు ఆగింది. "ఇదేంటి, కొన్నిటికి తెల్ల పోగు లేదు. ఎల్లుండి హోటల్ బండి వస్తుంది, ఒకసారి ఆయన్ని అడగండి."

రాఘవేందర్ అంచులన్నీ తిరగేశాడు. మూడింటికి ఉంది. తొమ్మిదింటికి లేదు. పిల్ల ఉన్ని దొరికింది కూడా సరిగ్గా మూడింటికే. అయినా బోరబండ పోయి, ఏమీ ఎరగనట్టే అడిగాడు.

"పిల్ల ఉన్ని కొస సన్నగ ములుకు లెక్క ఉంటది" అన్నాడు హనుమాండ్లు, మగ్గంలోంచి లేవకుండానే. "కత్తెర తగిలినంక మళ్ల మొలిచింది మొద్దుగుంటది. కండ్లు పోయినయి గని వేళ్లు పోలే కద. మీ అత్తకు సుత తెలుసు. వడికినన్ని దినాలు చేతులు నల్లగైనయి, నాకు చెప్పలే. నేనామెకు చెప్పలే."

"మరెందుకు నేసినవ్ మామా?"

"నువ్వు మాటిచ్చినవ్ కద. నీ మాట పోవద్దని నేసిన. నా పోగు ఎట్ల పెడ్త దానికి?"

రాజమ్మ రాట్నం దగ్గర తల వంచుకుని కూర్చుంది. రాఘవేందర్‌కు నేల చీలితే బాగుండుననిపించింది. తిట్టి ఉంటే తట్టుకునేవాడు.

"పోయి మీ మేడంకు ఉన్నదున్నట్టు చెప్పు" అన్నాడు ముసలాయన. "చెప్పినంక రా. ఎర్రదైతే ఎర్రదే నేసుకుందం."

మర్నాడు పొద్దున్నే చెప్పేద్దామనే దుకాణంలోకి అడుగుపెట్టాడు. రత్నమాల గారు నవ్వుతూ ఎదురొచ్చింది. "హోటల్ వాళ్లు ఏమన్నారో తెలుసా? ఒక్కోటి ఒక్కో ఛాయలో ఉన్నా వాళ్లకు పర్లేదట. రంగు వేయకుండా అంత నలుపు దొరకదేమో అనుకున్నారట. మా రాఘవేందర్ గారు తెచ్చారని గొప్పగా చెప్పాను."

అడిగి ఉంటే అయిపోయేది. ఆ డ్రమ్ము, ఆ మోరీ, రాజమ్మ చేతుల నలుపు, ఏదీ అవసరం లేదు. ఆ సంగతి తెలిశాక నిజం చెప్పడం మరీ కష్టమైపోయింది.

"ఇంతకీ పోగు సంగతి కనుక్కున్నారా?"

"కండ్లు సక్కగ కనవడుతలేవు మేడం. మర్చిపోయిండంట."

"అయ్యో, పాపం పెద్దాయన. మరి ఎలా?"

"ఆయనతోనే కుట్టించుకొస్త."

తొమ్మిది గొంగళ్లు మూట కట్టుకుని ఎస్సార్ నగర్‌లో తన గదికి పోయాడు. తెల్ల ఉన్ని పోగు, గోనెలు కుట్టే సూది. చిన్నప్పుడు మామ ఒళ్లో కూర్చుని నేర్చుకున్న చెయ్యి కదా, పని ముచ్చటగా వచ్చింది. నేసిందో కుట్టిందో ఎవరూ పోల్చుకోలేరు. దళసరి అంచు, సూది దిగదు. బొటనవేలు, చూపుడువేలు పొడుచుకుంటూనే ఉన్నాడు. ప్రతి గొంగడికీ ఇదే ఆఖరు అబద్ధం అనుకున్నాడు. అలా తొమ్మిదిసార్లు అనుకున్నాడు.

బండి వచ్చింది, సరుకు పోయింది. రత్నమాల గారు స్వీటు డబ్బా ఇచ్చి మామకు ఇమ్మంది. అది పట్టుకుని ఆదివారం పొద్దున బోరబండ పోయాడు.

"చెప్పినవా?" అన్నాడు హనుమాండ్లు.

"చెప్పిన మామా. ఆమె ఏమనలే."

ముసలాయన మొహం విప్పారింది. చూస్తుండగానే పదేళ్లు తగ్గినట్టయింది. "నా బిడ్డవురా. రా, ఇటు కూసో" అని చెయ్యి చాపి రాఘవేందర్ చేతిని పట్టుకున్నాడు. అలవాటుగా, ఉన్ని చూసినట్టే, వేళ్ల కొనల్ని బొటనవేలితో నలిపాడు. నలుపుతూ ఆగాడు. మళ్లీ నలిపాడు.

"ఎన్ని కుట్టినవ్?" అన్నాడు.

మంచి నోరు కదా, ఏదో ఒకటి చెప్పొచ్చు. "తొమ్మిది" అన్నాడు రాఘవేందర్.

హనుమాండ్లు ఆ చేతిని మెల్లగా వదిలేశాడు. రాజమ్మ లేచి స్వీటు డబ్బాను విప్పకుండానే గూట్లో పెట్టింది.

"పక్కపొంటి ఇల్లు కడ్తున్నరు. మట్టి కుప్ప ఉన్నది" అన్నాడు ముసలాయన, కోపం ఏమాత్రం లేకుండా. "నాలుగు గంపలు తెచ్చి ఈ గుంట పూడ్చు. కండ్లు కనవడనోని ఇంట్ల గుంట ఎందుకు, కాలు జారి పడ్త."

కళ్లు కనబడవన్న ఆ మాట తాను దుకాణంలో సాకుగా అన్నదే. ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. రాఘవేందర్ మామ కాళ్లు పట్టుకున్నాడు, ఏడ్చాడు, ఇప్పుడే పోయి చెప్తానన్నాడు. హనుమాండ్లు అతని తల నిమిరాడు కానీ, మాట మార్చుకోలేదు. ఆయనే గోడ పట్టుకుని మగ్గం కర్రలు ఒక్కొక్కటే ఊడదీశాడు.

రాఘవేందర్ గంప తీసుకుని లేచాడు. తవ్వడానికి రెండు రోజులు పట్టిన గుంట. పూడ్చడానికి మధ్యాహ్నం కూడా కాలేదు.