మల్లమ్మకు కప్పిన శాలువా

హైదరాబాదు సామాజిక చరిత్ర రాసే మా బృందంలో ఐదుగురం. నలుగురు పీహెచ్‌డీలు, అయిదోదాన్ని నేను, బోరబండ మధులతను. బస్తీలు తిరిగి కూలీల చేత మాట్లాడించడం నా పని. ఆ నలుగురిలో ఎవరైనా రికార్డరు పట్టుకుని వస్తే, కరెంటు కట్ చేసేవాళ్ళనుకుని జనం తలుపులు వేసుకునేవారు మరి!

అమీర్‌పేట ఎలా లేచిందో చెప్పడానికి మా అమ్మ రుద్రమ్మనే తీసుకొచ్చాను. ఇవాళ జావా, ఒరాకిల్ అంటూ అంతస్తుకో బోర్డు వేలాడుతున్న ఒక బిల్డింగుకు అమ్మ ఇసుక మోసింది. దాని పరంజా మీంచే మా నాయన నర్సింహులు పడి చచ్చిపోయాడు. ఆ పేరుతో తన దగ్గర ఎవడూ పని చేయలేదని మేస్త్రీ పోలీసులకు చెప్పాడు. దారిన పోయేవాడెవడో పైకెక్కి పడ్డాడట.

అందుకే అమ్మ అడిగింది ఒక్కటే.

"సారూ, మా ఆయన పేరు బుక్కుల రాస్తరా?"

బృందానికి పెద్ద చక్రపాణి గారు చేతులు జోడించి మరీ మాటిచ్చారు. "తప్పకుండా రాస్తామమ్మా. ఈ చరిత్రే మీది."

అమ్మ కడుపులో ఉన్నదంతా చెప్పింది. నాకు సైతం ఎన్నడూ చెప్పనివి చెప్పింది. నాయన చెప్పులు ఆ బిల్డింగు కిందే ఉండిపోయాయట. మర్నాడు తెచ్చుకుందామని పోతే గేటు తీయలేదట.

అచ్చుకు పోయే ముందు చూద్దును కదా, మా నాయన మల్లయ్య అయ్యాడు. అమ్మ మల్లమ్మ. ఆ బిల్డింగు "నగరంలోని ఒక వాణిజ్య భవనం". కూలోళ్ళంటే మల్లయ్య, మల్లమ్మలే అని వీళ్ళకెవరు చెప్పారో! నాకు ఒళ్ళు మండిపోయింది.

"పేర్లు మార్చడం పద్ధతి మధులతా. వాళ్ళ రక్షణ కోసమే" అన్నారు చక్రపాణి గారు.

"చచ్చిన మనిషికి ఎవరి నుంచి రక్షణ సార్?"

అసలు సంగతి ఆ నలుగురిలోనే ఒకరైన ధాత్రి మేడమ్ నోట వచ్చింది. "ఆ ఓనరు కేసు వేస్తే మన పరిస్థితి ఏంటి?"

పేర్లు మార్చాలా వద్దా అని ఓటింగు పెట్టారు. కూతురిని కాబట్టి నిష్పక్షపాతంగా ఉండలేనని నాకు ఓటు లేదన్నారు. నిజమే, ఉండలేను. నిష్పక్షపాతులైన ఆ నలుగురూ అట్ట మీద తమ పేర్లు డిగ్రీలతో సహా వేయించుకున్నారు.

ఇంటికొచ్చి అమ్మకు అంతా చెప్పాను. పంజాగుట్టలో పెట్టిన ఆవిష్కరణ సభకు పోవద్దన్నాను. అమ్మ నమ్మలేదు.

"సారు చేతులు జోడించిండు బిడ్డా. గట్లెట్ల చేస్తడు? నువ్వు ఊకె కోపం జేస్తవ్" అని పెట్టెలోని పట్టుచీర తీసి కట్టుకుంది.

సభలో చక్రపాణి గారు ఆ పేజీలు చదివారు. బాగా చదివారు, కాదనను. చెప్పుల సంగతి దగ్గర జనం కళ్ళు తుడుచుకున్నారు. అమ్మ మాత్రం ముందు వరుసలో మెడ చాచి, నర్సింహులు పేరు కోసం చివరిదాకా ఎదురుచూసింది. రాలేదు.

"ఈ మల్లమ్మ గారు మన మధ్యే ఉన్నారు!" అంటూ ఆయన అమ్మను వేదిక మీదికి పిలిపించారు. పేరు దాచాలి కానీ మొహం దాచక్కర్లేదు కాబోలు. శాలువా కప్పారు, ఫొటోలు తీశారు.

అమ్మ శాలువా తీసి, నెమ్మదిగా మడతపెట్టి, ఆయన ముందు బల్ల మీద పెట్టింది.

"గీ మల్లమ్మ ఎవరో నాకు ఎర్క లేదు సారూ. వచ్చినంక ఆమెకే ఇయ్యుండ్రి."

మైకు దగ్గరే ఉంది. హాలంతా విన్నారు, విని నవ్వారు. తర్వాత చప్పట్లు కొట్టారు. ఎంత నిరాడంబరమో చూశారా అని నా వెనక ఎవరో అన్నారు. చక్రపాణి గారు కూడా చప్పట్లు కొడుతున్నారు.

బోరబండ బస్సు ఎక్కి కూచున్నాక, కిటికీలోంచి అమీర్‌పేట బోర్డులు దాటిపోతుంటే అమ్మ అంది.

"మేస్త్రీ సుత గిట్లనే జేసిండు బిడ్డా. కాకుంటె వాడు చప్పట్లు కొట్టించుకోలే."