డేరా కింద దుర్గమ్మ

'బాగలేదు' అనే మాట శ్రీనివాస్ నోటికి నిషేధం. శామీర్‌పేటలో, మేడ మీది గదిలో ఫొటో ఎడిటింగ్ నేర్పే సంస్థవాళ్లు అతన్ని పనిలో పెట్టుకున్న రోజే ఆ సంగతి గట్టిగా చెప్పారు. పిల్లలు ఏం చేసుకొచ్చినా ముందు అందులో ఏది మంచిగుందో చెప్పాలి. తరవాత ఏది మార్చాలో, ఎట్లా మార్చాలో చెప్పాలి. మనసు విరిగే మాట ఒక్కటి రాకూడదు. దానికి వాళ్లు ఫీడ్‌బ్యాక్ అని పేరు పెట్టారు.

శ్రీనివాస్‌కు మొదట్లో నవ్వొచ్చింది. ఏళ్ల తరబడి స్టూడియో నడిపిన మనిషి. పెళ్లికూతుర్ని తామరపువ్వులో కూచోబెట్టి, పెళ్లికొడుకును చందమామకు వేలాడదీసి, అత్తమామల్ని నాలుగు మూలలా దేవుళ్ల మాదిరి అతికించి ఆల్బమ్‌లు చేసినవాడు. "మా మామ మొకం గింత జేసినవేందిరా" అని అంగీ పట్టుకున్నవాళ్లే గానీ అతనికి మెత్తగా చెప్పినవాళ్లు ఎవరూ లేరు. అందరి చేతుల్లోకీ కెమెరా ఫోన్లు వచ్చి స్టూడియో మూతపడ్డాక ఈ కొలువు దొరికింది. చెప్పగా చెప్పగా మెత్తటి మాట అలవాటైంది. అలవాటై, అందులో దిట్ట అని పేరు కూడా వచ్చింది.

ఈ విడత పిల్లలకు పైనుంచి వచ్చిన అంశం సర్కస్. ఎక్కడెక్కడివో ఫొటోలు కత్తిరించి, అతికించి, అంతా ఒక్కచోట తీసినట్టే కనబడేలా ఒక సర్కస్ బొమ్మ చెయ్యాలి. అతుకు కనబడితే పని చెడినట్టే. చేసినవాళ్లు దాన్ని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడితే, శ్రీనివాస్ గోడ మీది టీవీలో ఒక్కొక్కటే వేసి మాట్లాడతాడు.

ఆ పూట మొదటిది నగేష్‌ది. సింహం ఒంటికి వాళ్ల బావ తల అతికించాడు.

"మస్తుంది నగేష్. మీ బావ మీసం సింహానికి బరాబర్ కుదిరింది. కాని ఎండ సూడు. సింహానికి కుడిదిక్కు వడ్డది, మీ బావకు ఎడమదిక్కు వడ్డది. బావను జర అటు తిప్పు."

"మా బావ ఎటు తిప్పినా తిరుగడు సార్. మా అక్కనే తిప్పి తిప్పి యాష్టపడి ఇడిసిపెట్టింది."

గదంతా నవ్వింది. నవ్వు సద్దుమణిగాక శ్రీనివాస్ తరవాతి బొమ్మ వేశాడు. అది సుస్మితది.

సుస్మిత జవహర్‌నగర్ పిల్ల. డిగ్రీ మధ్యలో ఆపేసి ఇక్కడ చేరింది. నడుమ కొన్నాళ్లు రాలేదు. మళ్లీ వచ్చిన రోజు "మా అమ్మ చనిపోయింది సార్" అని చెప్పింది. "అయ్యో బిడ్డా" అన్నాడు శ్రీనివాస్. ఏదో జ్వరమనుకున్నాడు. ఎట్లా అని అడగలేదు.

బొమ్మలో ఎర్రచారల పెద్ద డేరా. కింద ఒక ఏనుగు, చుట్టూ చప్పట్లు కొట్టే జనం. పైన, డేరా కప్పు దగ్గర ఊయల పట్టుకుని ఒక ఆడమనిషి. కుచ్చిళ్లు పైకి దోపి, చీర మీద మగవాళ్ల అంగీ తొడుక్కుని, రెండు చేతులూ పైకెత్తి ఉంది. కత్తిరించడం మాత్రం మొరటుగా కత్తిరించింది. మనిషి చుట్టూ బెత్తెడు మేర పాత ఫొటో అట్లాగే మిగిలిపోయింది. ఇనుప చువ్వలు, ఒక పసుపుపచ్చ హెల్మెట్ సగం, చెవి పక్కన నీలం బోర్డు ముక్క, దాని మీద తెల్లటి అక్షరాలు నాలుగు.

"శభాష్," అన్నాడు శ్రీనివాస్. మాట వరసకు కాదు, నిజంగానే అన్నాడు. "అందరు గా చేతులు సూడుండ్రి. నరాలు ఎట్ల తేలినయో. బరువు ఎత్తుతున్న చేతులవి. నెట్ల దొరికే బొమ్మలల్ల గీ పట్టు దొరకది. ఇగ మార్చేది సూద్దాం. చుట్టు గా చెత్తంత ఏంది బిడ్డా? చువ్వలు, బోర్డు... తీసెయ్. దగ్గరికి జూమ్ చేసి వెంట్రుక వెంట్రుక కత్తిరించు."

"గా బోర్డు ఉంటె ఏమైతది సార్?" అంది సుస్మిత. ఎదురు చెప్పినట్టు లేదు, బతిమాలినట్టుంది.

"సర్కస్‌ల బోర్డు ఎందుకుంటది? సూసేటోడు జల్దీ పసిగడ్తడు, ఇది వేరేకాడిది అని."

"సరే సార్. ఫోన్ నిండిపోయింది. సేవ్ గాతలేదు."

"పాతయన్ని పీకెయ్. మంచిగైనదే ఉంచుకో."

అది కూడా శ్రీనివాస్ మెత్తగానే చెప్పాడు.

వారం తిరిగి సుస్మిత బొమ్మ మళ్లీ గోడ మీదికి వచ్చేసరికి నగేష్ సైతం నోరు మూసుకుని చూశాడు. చెత్త అనే మాటే లేదు. డేరా పైనుంచి పడే దీపం వెలుతురు ఆ మనిషి భుజం మీద, ముక్కు మీద, గాజుల మీద సరిగ్గా వాలింది. చీర అంచు గాలికి లేచినట్టే ఉంది. ఎవరైనా సరే, టికెట్ కొని ముందు వరుసలో కూచుని తీసిన ఫొటో అనుకుంటారు.

"నీ చేతిల పని ఉంది బిడ్డా," అన్నాడు శ్రీనివాస్. "నేను స్టూడియోల ఉన్నప్పుడు గిట్ల చెయ్యలే. ఒక్కటే తక్కువైంది. ఊయల కింద వల లేదు. సర్కసోళ్లు వల కట్టంది మనిషిని ఎక్కియ్యరు. అది ఏస్తే అయిపోతది."

"వల లేకుండె సార్."

"లేకుంటె నువ్వు గీయాలె. బొమ్మ నీదే నాయె."

"ఆడ లేకుండె సార్," అని మళ్లీ అదే అంది సుస్మిత, టీవీ వైపు చూస్తూ.

శ్రీనివాస్‌కు అర్థం కాలేదు. వెనక బెంచీ నుంచి నగేష్ లేచాడు. ఆ పిల్లవాడి గొంతులో ఎగతాళి లేకపోవడం శ్రీనివాస్ మొదటిసారి విన్నాడు. "సార్, ఆమె సుస్మితోళ్ల అమ్మ. బిల్డింగ్ పైకెళ్లి కింద వడ్డది."

క్లాసు అక్కడే ఆగిపోయింది. అందరూ దిగిపోయాక సుస్మిత ముక్కలు ముక్కలుగా చెప్పింది. లాల్‌గడి మలక్‌పేట దిక్కు కడుతున్న అపార్టుమెంటులో వాళ్ల అమ్మ దుర్గమ్మది సిమెంటు మాలు తట్టలు అందించే పని. ఆ రోజు సద్ది మరిచిపోయి పోతే సుస్మిత తీసుకుపోయి ఇచ్చింది. సెంట్రింగ్ చెక్క మీద నిలబడి పైవాళ్లకు తట్ట అందిస్తున్న అమ్మను చూసి ఫోన్ తీసింది. "గీ అవతారంల నన్నేం దీస్తవే" అని దుర్గమ్మ నవ్విందట. కూతురు ఇల్లు చేరే లోపలే చెక్క జారింది. తరవాత, సర్కస్ బొమ్మకు పైకి చేతులెత్తిన మనిషి ఎవరున్నారా అని వెతుక్కుంటే సుస్మితకు ఆ ఒక్క ఫొటోనే కనిపించింది.

"పైన ఉంటె మంచిగుంటది అనిపించింది సార్," అంది సుస్మిత.

వల గీయమన్న తన మాటలు గుర్తొచ్చి శ్రీనివాస్‌కు అన్నం సయించలేదు. ఆదివారం పూట, పలకరించి వద్దామని జవహర్‌నగర్ పోయాడు. డంపింగ్ యార్డు మీదుగా వచ్చే గాలికి అతను ముక్కు మూసుకోబోయి, వాకిట్లో కూచున్న కుర్మయ్యను చూసి చెయ్యి దించేశాడు. కుర్మయ్య సుస్మిత తండ్రి. ఆటో తోలుతాడు. ఆటో గోడ పక్కన పట్టా కప్పుకుని ఉంది.

"రా సారు, కూసో," అన్నాడు కుర్మయ్య. "పిల్ల మీ గురించే చెప్తది. సారు ఒక్కమాట కసిరి అనడు అంటది."

శ్రీనివాస్ తల దించుకున్నాడు. "కంపెనోళ్లు ఏమన్నరు అన్నా?"

"మొదాలు మంచిగనే మాట్లాడిన్రు. మేం సూసుకుంటం, పరేషాన్ గాకుండ్రి అన్నరు. దినాలు గాంగనే మాట మార్చిన్రు. గసొంటి మనిషి మా తాన పనే చెయ్యలేదంట. ఇనుము దొంగతనానికి పైకెక్కిందంట, ఎక్కి జారిందంట. గదే కాయితం మీద రాసిన్రు. పక్కన పనిచేసినోళ్లను అడుగుదామంటే అంత వేరే రాష్ట్రాలోళ్లు. తెల్లారే ఇంకో సైటుకు తోలిన్రు. ఇప్పుడు గీ గల్లీల నల్లా కాడ గూడ అంటున్రు సారు. కుర్మయ్య పెండ్లం దొంగతనానికి పోయి సచ్చింది అని."

"అన్నా..."

"నాకు ఏం ఇయ్యొద్దు. దొంగ గాదు, పనికే వచ్చింది అని రాసియ్యమను. సాలు."

ఆ మాట వినగానే శ్రీనివాస్‌లో ఒక్కసారిగా ఏదో వెలిగింది. "ఫొటో ఉంది గదనే!" అని సుస్మిత వైపు తిరిగాడు. "తట్ట ఎత్తుతున్న ఫొటో! ఎనుక కంపెనీ బోర్డు గూడ ఉండె. పట్కపోయి సూపెడ్తే అయిపాయె!"

సుస్మిత గడప పట్టుకుని నిలబడింది. "పాతది లేదు సార్. పీకెయ్యమన్నరు గద."

నింద లేదు అందులో. నేర్పిన పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది. శ్రీనివాస్ ఆమె ఫోన్ అందుకుని డిలీట్ అయినవి ఉండే చోటల్లా వెతికాడు. జాగా సరిపోక అవి కూడా తుడిచేసుకుంది పిల్ల. నెట్‌లో దాచే అలవాటు లేదు, అందుకు డాటా ఉండాలి కదా. చివరికి తన ఫోన్ తీసి గ్రూపులో వెనక్కి, ఇంకా వెనక్కి పోయాడు. మొదటి బొమ్మ దొరికింది. మొరటుగా కత్తిరించినది. చువ్వలు, సగం హెల్మెట్, నీలం బోర్డు ముక్క. పెద్దది చేసి చూస్తే అక్షరాలు నాలుగూ కంపెనీ పేరులోవే. కాకపోతే ఆ నాలుగక్షరాల చుట్టూ డేరా ఉంది. కింద ఏనుగు ఉంది.

మర్నాడు ముగ్గురూ మేడ్చల్‌లో లేబర్ ఆఫీసుకు పోయారు. దుర్గమ్మ కేసు చూస్తున్న ఆఫీసరు వయసులో పెద్దవాడు, మాటతీరు తెలిసినవాడు. కూచోమన్నాడు. ఫోన్ చేతిలోకి తీసుకుని కళ్లజోడు పైకి నెట్టి, చాలాసేపు చూశాడు.

"ఇదేంటి, సర్కసా?"

"గా మనిషిని సూడుండ్రి సార్, ఆమె పక్కన బోర్డు," అన్నాడు శ్రీనివాస్. "డేరా అతికిచ్చింది. మనిషి, బోర్డు మాత్రం ఒక్క ఫొటోలయే."

"ఎవరు చేశారు దీన్ని?"

"నేనే సార్," అంది సుస్మిత.

"బాగా చేశావమ్మా. నిజంగా అక్కడ నిలబడి తీసినట్టే ఉంది. ఎవరు నేర్పారు?"

సుస్మిత శ్రీనివాస్ వైపు చూసింది. ఆఫీసరు కూడా చూశాడు.

"అయితే మాస్టారూ, మీరే చెప్పండి. డేరా అతికించిన పిల్ల బోర్డు అతికించలేదా?"

"ఎండ సూడుండ్రి సార్," అన్నాడు శ్రీనివాస్. "ఆమె మొకం మీద ఎటు వడ్డదో బోర్డు మీద గూడ అటే వడ్డది. ఒక్క గడియల తీసిందని గా ఎండే చెప్తది."

"ఆ ఎండ కుదర్చడమే కదా మీరు నేర్పేది?"

ఏళ్లుగా శ్రీనివాస్ చేసిందీ, ఈ పిల్లలకు నేర్పిందీ అదే. కుదరదు అని ఒక్క అబద్ధం చెబితే చాలు అనిపించింది. కానీ రేపు కంపెనీ వకీలు క్లాసు గోడ మీది బొమ్మలు తెప్పించి చూపిస్తే? సుస్మిత రెప్ప వెయ్యకుండా అతన్నే చూస్తోంది.

"అతికియ్యొచ్చు సార్," అన్నాడు. "కాని అతికియ్యలే. అసలుది తీసెయ్యమన్నది నేనే. తప్పు నాది, పిల్లది గాదు."

"మీరు అబద్ధం చెబుతున్నారని నేను అనను," అన్నాడు ఆఫీసరు. నొప్పించకూడదని ఆయనా చూసుకుంటున్నాడు. "నేను నమ్మినా నడవదు. ఏనుగు ఉన్న ఫొటో ఫైల్లో పెడితే నన్నే నవ్వుతారు. అసలు ఫొటో తెండి, ఇవ్వాళే రాస్తా." ఫోన్ తిరిగి ఇచ్చేశాడు. "పాపది మంచి చెయ్యి. ఎక్కడైనా పని దొరుకుతుంది."

బయట రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఆఫీసు ప్రహరీ నీడన ముగ్గురూ నిలబడ్డారు. లోపల జరిగిన మాటల్లో కుర్మయ్యకు సగమే ఎక్కింది. పని కాలేదని మాత్రం తెలిసింది.

"ఏది, నాకు సూపెట్టుండ్రి," అని కుర్మయ్య, శ్రీనివాస్ చేతిలోంచి ఫోన్ తీసుకున్నాడు. అప్పటిదాకా ఆ బొమ్మను అతను చూడనేలేదు. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. భార్య చేతుల్ని గుర్తుపట్టాడు, అంగీని గుర్తుపట్టాడు. అది అతనిదే.

"గీ జనం ఎవలు బిడ్డా? గిట్ల చప్పట్లు కొడ్తున్రు?"

"ఎవలు గాదు బాపు. నెట్లకెళ్లి తీసిన."

"గీ ఏనుగు?"

"అది గూడ."

"ఇదంత తీసెయ్. మీ అమ్మ ఒక్కతె ఉంటె సాలు. ఇంట్ల పెట్టుకుందం."

"తీస్తె ఎనుక ఏం లేదు బాపు," అంది సుస్మిత.

కుర్మయ్య వినిపించుకోలేదు. బొటనవేలు ఏనుగు మీద పెట్టి, అద్దం మీది మరక తుడిచినట్టు గట్టిగా రుద్దాడు. బొమ్మ కదిలి, పెద్దదై, పైకి జరిగింది. దుర్గమ్మ అద్దం అంచు దాటి పోయింది. కుర్మయ్య అరచేతిలో ఏనుగు ఒక్కటే మిగిలింది.