అలమార చీటీ

నిఘంటువు కార్యాలయంలో ఆయన్ని అందరూ చీటీల మాస్టారు అంటారు. ఎవరి నోట మంచి ప్రయోగం విన్నా సరే, జేబులోంచి చీటీ తీసి, వాక్యం, పలికిన మనిషి, తేదీ, వేళ రాసుకుంటే గానీ ఆయనకు ముద్ద దిగదు. అవతలివాళ్లు ఏడుస్తూ చెప్పారా నవ్వుతూ చెప్పారా అన్నది ఆయనకు అక్కర్లేదు. వాక్యం బాగుండాలి, అంతే.

ఆ ఉదయం 'అలమార' అనే మాట ప్రూఫు బల్ల మీదికొచ్చింది. దాని పుట్టిల్లు లాటిన్‌. అక్కడ మొదట్లో దానిలో ఉన్నవి ఆయుధాలు. పోర్చుగీసువాళ్లతో ఓడెక్కి దేశాలు తిరిగింది, హిందీలో అల్మారీ అయింది, తెలుగులోకి వచ్చేసరికి కత్తులు వదిలేసి బట్టలు సర్దుకుని కూర్చుంది. "ఎంత దూరం వచ్చావే తల్లీ" అని మాస్టారు ముచ్చటపడ్డారు.

అచ్చుకు పంపేముందు ఆ మాటకిచ్చిన ఉదాహరణ వాక్యాన్ని అసలు చీటీతో సరిచూడాలి. సొరుగులోంచి తీశారు. తన దస్తూరీయే.

"అలమార పై అరలో దుప్పటి తియ్యలేకపోతున్నానండీ, పొద్దుట్నుంచీ కుడిచెయ్యి లేవట్లేదు." పలికినది: భార్య. ఉదయం ఏడు గంటలు.

కింద తేదీ చూశారు. రెండేళ్ల కిందట, ఆ రోజు మధ్యాహ్నమే ఆవిడ వంటింట్లో కూలిపోయింది. పక్షవాతం అన్నారు. పొద్దున్నే తీసుకొస్తే దక్కేదన్నారు. ఆ వాక్యం ఆయన అక్షరం పొల్లుపోకుండా విన్నారు, ఎంత సహజంగా ఉందో అని మురిసిపోయారు కూడా. చెయ్యి సంగతే చెవికెక్కలేదు.

కూతురు నర్సు. ముందురోజు ఫోన్లో అమ్మ గొంతు నీరసంగా ఉన్నా పట్టించుకోలేదని, తప్పంతా తనదేనని కుమిలిపోతోంది. "అమ్మ నీతో ఏమైనా అందా నాన్నా?" అని అడిగినప్పుడల్లా, "ఏమీ అనలేదమ్మా" అనేవారు. నిజమనుకునే అనేవారు.

ఇప్పుడీ చీటీ చింపేస్తే అడిగే నాథుడు లేడు. చెబితే పిల్ల మీది బరువు దిగుతుంది, కానీ ఆ పిల్ల మళ్లీ తన మొహం చూడకపోవచ్చు. ఉన్నది ఆ ఒక్కతే. చివరికి మాస్టారు కూతురికి ఫోన్ చేసి, తేదీతో సహా చదివి వినిపించారు.

కూతురు ఆ వాక్యాన్ని ఇంకోసారి చదివించుకుంది.

"మరి దుప్పటి ఎవరు తీశారు నాన్నా?"

"తనే తీసుకుందమ్మా. ఎడంచేత్తో."

"నువ్వెక్కడున్నావు?"

"పక్కనే. రాసుకుంటున్నాను."